ఇంద్రధనుస్సు తర్వాత

జూన్ 8, ఆదివారం

ఎట్టకేలకు రామన్న పాస్టరు గారికి మనిషి విలువ తెలిసింది. ఇవాళ ఆరాధన అయ్యాక అందరి ముందూ నా పేరు పిలిచారు.

సంగతేమిటంటే, ఈ సోలాపూర్‌లో మా తెలుగు సంఘంలో చిన్నపిల్లలున్న ఇళ్ళు పద్నాలుగు, అశోక్ చౌక్ నుంచి కుంఠా నాకా దాకా. పిల్లలకు సండే స్కూలు వారానికి అరగంట. మిగతా ఆరు రోజులూ చేతిలో ఫోనే. అందుకని ఇకనుంచి ప్రతి ఇంట్లో అమ్మో నాన్నో వారానికి ఒక బైబిలు కథ పిల్లలకు చెప్పాలి. గోడకు ఒక చార్టు ఉంటుంది. కథ చెప్పిన వారం చార్టు మీద ఒక బంగారు రంగు స్టార్ అతికించాలి. ఆగస్టు మూడున కథల పండుగ. ఈ అమ్మానాన్నలకు కథ ఎలా చెప్పాలో నేర్పే బాధ్యత దత్తాత్రిది, అంటే నాది.

నన్నే ఎందుకు పెట్టారంటే, నాకు విడమరచి చెప్పడం వచ్చు. మా తువ్వాళ్ళ కార్ఖానాలో ఏ మగ్గం ఆగినా బాగుచేసేది నేనే. ఊరికే బాగుచేసి వదిలేయను. ఎందుకు ఆగిందో, మళ్ళీ ఆగకుండా ఏం చేయాలో అంతా చెబుతాను. ఈ మాట ఇంటికొచ్చి నా భార్య ద్రౌపదితో అంటే, బీడీల చాట ఒళ్ళోంచి దించకుండానే అంది: "బరోబర్. మగ్గం నడిచేదాక చెప్తవు, నడిచినంక గూడ చెప్తవు. పాపం, నీకంటె మగ్గమే నయం, ఎప్పుడన్న ఆగుతది."

ఈ నోటుబుక్కు కార్ఖానాలో మిగిలింది. నేను తెలుగు అక్షరాలు నేర్చుకున్నది బైబిలు చూసి, అందుకే నోటికి వచ్చేది ఒకలా, రాతలో వచ్చేది ఒకలా ఉంటుంది. ఇంట్లో ఇంకెవరికీ తెలుగు చదవడం రాదు. ద్రౌపదీ, మా అమ్మాయి తృప్తీ చదివితే మరాఠీయే. కాబట్టి ఇక్కడ ఏం రాసినా క్షేమమే. అయినా బుక్కు పనిముట్ల సంచిలోనే పెడతాను.

జూన్ 9, సోమవారం

నాలుగు మెట్లు తయారుచేశాను. చదువు, చెప్పు, అడుగు, అన్వయించు. నాలుగోది నా సొంతం. అన్వయం లేని కథ అంచు కుట్టని తువ్వాలు.

జూన్ 13, శుక్రవారం

తృప్తికి యోనా కథ చెప్పాను. పదేళ్ళ పిల్ల కదా, ప్రశ్నలే ప్రశ్నలు. చేప కడుపులో చీకటేనా, వాసన వస్తుందా, యోనా మూడు రోజులు ఏం తిన్నాడు? నేను మెల్లగా అన్వయానికి వచ్చేసరికి నా మోకాలి మీద తల పెట్టి నిద్రపోయింది. మొదటి స్టార్ తనే నిద్ర లేచాక అతికించింది, కొంచెం వంకరగా.

జూన్ 17, మంగళవారం

ఇవాళ జరిగింది రాసి పెట్టుకోవాలి. నా పద్ధతి పనిచేస్తుందనడానికి ఇంతకన్నా రుజువు లేదు.

మోషేను వాళ్ళమ్మ మూడు నెలలు దాచిన కథ చెప్పాను. ద్రౌపది బీడీలు అప్పజెప్పడానికి వెళ్ళింది, ఇంట్లో మేమిద్దరమే. కథ అయ్యాక తృప్తి చాలాసేపు గోళ్ళు కొరుక్కుంది.

"పప్పా, మోషేను దాచిన్రు గద. దాచుడు తప్పా?"

"ఏం దాస్తున్నమో చూడాలె బిడ్డా."

లేచి బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళి, మోచేయి దాకా చెయ్యి పెట్టి, ఒక బంగారు రంగు పెన్ను తీసింది. అది తోటి పిల్ల స్వాతిది. ఆదివారం సండే స్కూల్లో చెప్పకుండా తీసుకుందట. మూత తిప్పితే మెరిసే రాత పడుతుందట. రెండు రోజుల నుంచి అన్నం తింటుంటే అదే గుర్తుకొస్తోందట. వెక్కి వెక్కి ఏడ్చింది. రేపు బళ్ళో స్వాతి సంచిలో పెట్టేస్తానంది, ఇద్దరిదీ ఒకే తరగతి.

"ఎవ్వల్కి చెప్పొద్దు. మమ్మీకి గూడ. ఒట్టు పెట్టు."

మనం ఒట్లు పెట్టుకోకూడదని, మన నోట అవునంటే అవునేనని, ఆ మాటే చాలని చక్కగా విడమరచి చెప్పాను. నమ్మింది. ఎంత సంతోషం వేసిందో. ఈ ఊళ్ళో ఎంతమంది తండ్రుల దగ్గరికి పిల్లలు ఇలా వస్తారు?

జూన్ 18, బుధవారం

పెన్ను వెళ్ళిపోయింది. స్వాతికి పోయిందని కూడా తెలియదు. తృప్తి రెండు చపాతీలు ఎక్కువ తింది.

జూన్ 22, ఆదివారం

అమ్మానాన్నల మొదటి మీటింగు. నలభై నిమిషాలు మాట్లాడాను.

ఆకాను కథ తీసుకున్నాను. దోపుడు సొమ్ములోంచి మంచి వస్త్రమూ బంగారమూ ఎత్తుకెళ్ళి డేరాలో నేల కింద పాతినవాడు. వస్త్రం అనగానే నేతపనివాళ్ళు కాస్త తలలెత్తారు, మళ్ళీ దించేశారు. ఉక్కపోత. ఆవలింతలు. మూడో మెట్టు దాటాను. నాలుగో మెట్టుకు ఒక ఉదాహరణ కావాలి. ముందు వరుసలో ఒకాయన నిద్రపోయాడు, గురక కూడా.

అప్పుడు చెప్పాను. బియ్యం డబ్బా, మోచేయి, బంగారు పెన్ను. ఒక్కసారిగా అందరూ లేచి కూర్చున్నారు. ఇద్దరు ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. పాస్టరు గారు నా భుజం మీద చెయ్యి వేసి, "గుండెకు తగిలింది దత్తన్నా," అన్నారు.

పేరు చెప్పలేదు. 'మా ఇంట్లో ఒక పాప' అన్నాను. మా ఇంట్లో ఒకే పాప ఉంది, అది వేరే సంగతి. స్వాతి పేరు కూడా చెప్పలేదు. స్వాతి వాళ్ళమ్మ ఆరతి రెండో వరుసలో ఉంది, ఆమెకు ఏం అర్థమైందో నాకు తెలియదు.

జూన్ 24, మంగళవారం

తృప్తి బడి నుంచి వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. కథ టైముకు పిలిస్తే మరాఠీలో వద్దంది, "నకో," అని. చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. కొత్త తరగతి, కొత్త టీచరు. అలిసిపోయి ఉంటుంది.

జూన్ 25, బుధవారం

నకో.

జూన్ 28, శనివారం

కడుపులో పురుగులున్నాయేమోనని మందు తెచ్చాను. నాతో మాట్లాడకుండానే మింగింది. ద్రౌపది తునికాకు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అంది: "పురుగు కడుపుల లేదు. నోట్ల ఉన్నది. దాని నోట్ల గాదు."

ఏం మాటో అర్థం కాలేదు. ఆడవాళ్ళు ఆకులు కత్తిరించేటప్పుడు ఏదో ఒకటి అంటారు.

జూన్ 29, ఆదివారం

ఈ వారం స్టార్ నేనే అతికించాను. కథ చెప్పడానికి నేను కూర్చున్నాను కదా. చార్టు పైన 'చెప్పిన కథలు' అని ఉంది, 'విన్న కథలు' అని లేదు.

జూలై 6, ఆదివారం

స్టార్ అతికించాను. ఈసారి కూర్చోలేదు కూడా, కార్ఖానాలో పని ఎక్కువైంది.

సాయంత్రం ఇళ్ళు చూడడానికి బయలుదేరాను. అశోక్ చౌక్ దగ్గర ఆరతి వాళ్ళ ఇల్లు. ఆ అమ్మాయి నా నాలుగు మెట్లూ ఎప్పుడో మరచిపోయింది. చపాతీలు చేస్తూ, పిండి ముద్దనే గొర్రెపిల్లను చేసి, తప్పిపోయిన గొర్రె కథ చెబుతోంది. స్వాతి మంచం కిందికి దూరి గొర్రెను వెతుకుతోంది. అన్వయం లేదు, ఏమీ లేదు. ఇద్దరూ పడీ పడీ నవ్వుతున్నారు.

నీళ్ళు ఇస్తూ ఆరతి మెల్లగా అంది: "మా పోరిని నేను మస్తు తిట్టిన అన్నా. మీటింగ్ల నువ్వు చెప్పింది ఇంటికొచ్చి మా ఆయనతోని నేనంటుంటె పోరి ఇన్నది. బళ్ళె మీ తృప్తిని 'గోల్డన్ పెన్' అని పిలుస్తున్నదట, దానెంబడి ఇంకో నలుగురు. తప్పు నాదే, నోరు ఊకోలే."

పిల్లలన్నాక అంటుంటారులే అన్నాను. తిరిగి వచ్చేటప్పుడు కొంతం చౌక్ మీదుగా వచ్చాను. అటువైపు నాకేం పని లేదు.

జూలై 7, సోమవారం

తృప్తి కోపానికి కారణం నేను కాదు.

జూలై 8, మంగళవారం

అంటే, పూర్తిగా నేను కాదు.

జూలై 11, శుక్రవారం

ద్రౌపది ఇవాళ చాట దించి మాట్లాడింది. చాట దించిందంటే మాట పెద్దదే.

"నువ్వు మీటింగ్ల చెప్పిన సంగతి నాకు బీడీల లైన్ల తెలిసింది. ఎనక నిలబడ్డ ఆమె అడుగుతున్నది, మీ బిడ్డేనా అని. నా బిడ్డ సంగతి నాకు లైన్ల తెల్వాల్నా? నాకు చెప్పొద్దన్నదట, బరోబర్, నాకు చెప్పలే. మరి మందికెందుకు చెప్పినవయ్యా?"

మంచి కోసమే చెప్పానన్నాను. పద్నాలుగు ఇళ్ళకు మేలు జరిగిందన్నాను.

"పద్నాలుగు ఇండ్లకు మేలు. పదిహేనో ఇల్లు మనది," అని మళ్ళీ చాట ఎత్తుకుంది. మా ఇల్లు ఆ పద్నాలుగులోనే ఉందని చెప్పబోయి ఆగాను. ఆగడం నాకు అలవాటు లేని పని.

జూలై 13, ఆదివారం

స్టార్.

జూలై 18, శుక్రవారం

ఇవాళ పిలవకుండా, తృప్తి లెక్కలు చేసుకుంటుంటే పక్కన కూర్చుని నేలకు చెప్పినట్టు నోవహు కథ మొదలుపెట్టాను. చెవుల్లో వేళ్ళు పెట్టుకోలేదు. వీపు మాత్రం నావైపే. ఓడ, వాన, కాకి, పావురం, కొండ, ఇంద్రధనుస్సు. మధ్యలో ఎక్కడా విడమరచలేదు. చివరికి వచ్చాను.

"అయిపోలే," అంది.

ఇరవై మూడు రోజుల తర్వాత నాతో అన్న మొదటి మాట.

"ఏంది బిడ్డా?"

"కథ అయిపోలే. ఇంక ఉన్నది."

లేచి తన మరాఠీ బైబిలు తెచ్చింది. పేజీ వెతకలేదు, ముందే ఒక బస్సు టికెట్టు పెట్టి ఉంది. నోవహు ద్రాక్షతోట వేసి, తాగి, డేరాలో బట్టలు లేకుండా పడిపోయిన చోట వేలు పెట్టింది.

"ఇది ఎందుకు చెప్పవు?"

"అది చిన్నపిల్లలకు చెప్పేది గాదు."

"నోవహు తాగి పడ్డది చెప్పరు. పెద్దోళ్ళది దాస్తరు. పిల్లలది చెప్తరు."

ద్రౌపది కత్తెర చప్పుడు ఆగింది.

"నోవహు కొడుకు హాము ఏం చేసిండు పప్పా? దొంగతనం చెయ్యలే. కొట్టలే. చూసిండు, బయటికి పోయి చెప్పిండు. బస్. గదే తప్పు." మళ్ళీ లెక్కల ముందు కూర్చుంది. "నాకు ఆకాను పేరు పెట్టినవు గద. నీ పేరు గూడ ఉన్నది అండ్ల."

ముప్పై ఏళ్ళుగా ఆ కథ నేను ఇంద్రధనుస్సు దగ్గరే ఆపుతున్నాను. ఎంతమంది పిల్లలకు చెప్పానో. ఆ తర్వాతి మాటలు నాకోసం ఉన్నాయని ఒక్కసారి కూడా తోచలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. పిల్ల నా చేతిలో ప్రాణం పెట్టినట్టు పెట్టిందా మాట, నేను నిద్రపోతున్నవాణ్ణి లేపడానికి వాడుకున్నాను.

జూలై 19, శనివారం

హాము నేనే.

జూలై 20, ఆదివారం

క్షమించమని అడిగాను. ముందు ఆకాను కథ ఎందుకు ఎంచుకున్నానో చెప్పి, తర్వాత ఉక్కపోత, గురక సంగతి చెప్పి, నా ఉద్దేశం ఏమిటో చెప్పి, అప్పుడు అడిగాను. నేను అడిగేసరికి తృప్తి నీళ్ళు పట్టడానికి వెళ్ళిపోయింది.

"మాఫీ అడుగుమంటె మీటింగ్ పెట్టినవు," అంది ద్రౌపది.

జూలై 21, సోమవారం

"తప్పు చేసిన బిడ్డా," అన్నాను. అంతే. తృప్తి నావైపు చూసింది. నా టిఫిను డబ్బా మూత తనే బిగించి ఇచ్చింది.

జూలై 27, ఆదివారం

ఇక్కడొక ఇబ్బంది వచ్చిపడింది. పాస్టరు గారు మా ఇంటికొచ్చి చార్టు చూశారు. ఒక్క వారం ఖాళీ లేదు, ఈ వారంది కూడా కథ లేకుండానే అలవాటుగా అతికించేశాను. పద్నాలుగు ఇళ్ళలో ఇంత నిండుగా ఇంకెక్కడా లేదట. ఆరతి వాళ్ళ దాంట్లో నాలుగే ఉన్నాయట. "ఇది పండుగ రోజు గుడిల వేలాడదీద్దాం దత్తన్నా, మంది చూసి నేర్సుకోవాలె," అని గోడ మీంచి ఊడదీసి చుట్టి పట్టుకెళ్ళారు.

తృప్తి గుమ్మంలోనే ఉంది. చార్టు వెళ్ళిపోవడం చూసింది, నన్ను చూసింది. దాంట్లో నిజమైనవి మూడే. యోనా, మోషే, నోవహు. ఆ పిల్లకు లెక్కలు బాగా వచ్చు.

ఆగస్టు 2, శనివారం

పాస్టరు గారికి నిజం చెబుదామని వెళ్ళాను. గుడి ముందు టెంటు వేయిస్తున్నారు. చార్టు అప్పటికే బల్ల వెనక గోడకు, చుట్టూ రంగు కాగితాలతో. తాడు పట్టుకోమన్నారు, పట్టుకున్నాను. గుంజ ఎందుకు వంగిందో విడమరచి చెప్పి ఇంటికి వచ్చేశాను.

ఆగస్టు 3, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుడి నిండిపోయింది. బల్ల మీద సోలాపూర్ చద్దరు పరిచారు, ఎర్రది, నెమళ్ళున్నది. వెనక గోడ మీద చార్టులో నా ఏడు స్టార్లు మెరుస్తున్నాయి. నేను ముందు వరుసలో కుర్చీలో. చెమటతో చొక్కా అంటుకుపోయింది. ఒక్కొక్క పిల్లా వచ్చి కథ చెప్పి వెళ్తున్నారు. చివరికి పాస్టరు గారు తృప్తిని పిలిచారు.

"చూడున్రి, ఈ బిడ్డ ఇంట్ల ఒక్క వారం గూడ కథ తప్పలేదు. చెప్పు తల్లీ, పప్పా ఏమేం కథలు చెప్పిండు? ఏ వారం ఏది?"

మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు. వెనక ద్రౌపది కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తృప్తి తిరిగి చార్టును చూసింది. తర్వాత నన్ను. నేను తల దించుకున్నాను. చెప్పనీ అనుకున్నాను, నిజంగానే. నేను చెప్పినట్టే, మైకులో, అందరి ముందూ. నాకు అది న్యాయమే.

"నేను నోవహు కథ చెప్త," అంది. "ఇంద్రధనుస్సు దాక పప్పా చెప్పిండు. మిగిలింది నేనే చదివిన."

రెండూ నిజమే. అబద్ధం ఒక్క ముక్క లేదు.

ఇంద్రధనుస్సు దాకా గబగబా చెప్పేసింది. తర్వాత మెల్లగా, "నోవహు మంచోడే. గని ఒకనాడు మస్తు తాగిండు. డేరాల పడిపోయిండు. ఒంటి మీద బట్టల్లెవ్వు," అంది. గుడి అంతా గొల్లుమంది. పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు, మైకు కోసం చెయ్యి చాపారు, తృప్తి ఇవ్వలేదు.

"హాము చూసిండు. బయటికి పోయి చెప్పిండు. ఇగ మిగిలిన కొడుకులు షేము, యాపెతు ఏం చేసిన్రంటె... స్వాతీ, రా. ఇద్దరు గావాలె."

స్వాతి కదలలేదు. ఆరతి వీపు మీద తడితే లేచింది. తృప్తి బల్ల మీది చద్దరు లాగింది. పైనున్న పూలకుండీని పాస్టరు గారు గాల్లోనే పట్టుకున్నారు. ఇద్దరు పిల్లలూ చద్దరు చెరో కొస భుజాన వేసుకుని, జనానికి వీపు పెట్టి, వెనక్కి వెనక్కి నడవడం మొదలుపెట్టారు. స్వాతి ఎటు పోవాలో తెలియక అటూ ఇటూ అవుతుంటే తృప్తి గుసగుసగా, "ఇటు, ఇటు," అంటోంది. వచ్చి వచ్చి నా మోకాళ్ళకు తగిలి ఆగారు. చద్దరు నా మీద పడింది, తల నుంచి కాళ్ళ దాకా.

"వాళ్ళు ఎనక్కి తిరిగి చూడలే," అని చద్దరు అవతల మైకులో వినిపించింది. "కప్పిన్రు, పోయిన్రు. బస్, అయిపోయింది."

చప్పట్లు. నేను చద్దరు తీయలేదు. లోపల ఎర్రగా, వెచ్చగా ఉంది. పసిపిల్లాడిలా ఏడ్చాను. బయట వాళ్ళు అది కూడా నాటకంలో భాగమే అనుకున్నారు, ఎవరో "శాబాష్ దత్తన్నా" అని అరిచారు.

పాస్టరు గారు అడుగుతున్నారు: "మరి దీని అన్వయం ఏందమ్మా?"

"అన్వయం లేదు," అంది తృప్తి.

ఇంటికి వచ్చే దారిలో, కుంఠా నాకా మలుపు దగ్గర, ద్రౌపది కాస్త ముందు నడుస్తుంటే అడిగాను.

"స్టార్ల సంగతి పాస్టరయ్యకు చెప్పాల్నా బిడ్డా?"

"గది నీది," అంది. "నువ్వు చెప్పుకుంటె చెప్పుకో. నేనైతే చెప్ప."

ఆగస్టు 4, సోమవారం

కార్ఖానాకు వెళ్ళేముందే పాస్టరు గారి ఇంటికి వెళ్ళి చెప్పాను. నాలుగు స్టార్లు దొంగవి అన్నాను. విడమరచలేదు.

ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టారు. "ఇట్ల వచ్చి ఒప్పుకున్నోళ్ళల్ల నిన్న సాయంత్రం సంది నువ్వు నాలుగోనివి దత్తన్నా," అన్నారు. "నువ్వు నేర్పిందాంట్ల ఇదొక్కటే అందరు మంచిగ నేర్సుకున్నరు."

మీటింగులు నడపడం మానుకుంటానన్నాను. మానొద్దన్నారు. మూడు మెట్లతో నడపమన్నారు. చార్టు తిరిగి ఇచ్చారు. ఇంటికి తెచ్చి ఆ నాలుగు స్టార్లూ గోరుతో గీకాను. పూర్తిగా రావు, బంగారు మరకలు మిగిలాయి.

ఆగస్టు 7, గురువారం

పెన్ను సంగతి రాసిన పేజీ చింపేద్దామనుకున్నాను. చింపితే పిల్ల చేసిందాంతో పాటు నేను చేసింది కూడా పోతుంది. అందుకని ఉంచాను. బుక్కు మాత్రం పనిముట్ల సంచిలోంచి తీసి పెట్టెలో పెట్టి తాళం వేస్తాను.

సాయంత్రం కార్ఖానా నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే తృప్తి వచ్చి పక్కన నిలబడింది. స్వాతి బళ్ళో తన పక్కన కూర్చుందట. అది కాదు చెప్పాలనుకున్నది. కాసేపు గోళ్ళు కొరుక్కుంది. చెంబు నా చేతిలోంచి తీసుకుని నీళ్ళు తనే పోసింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి ఒక సంగతి చెప్పింది. ఒట్టు పెట్టమని అడగలేదు.

ఆ సంగతి ఇక్కడ రాయను.